రేటింగ్ చూడాల్సింది తల్లులేనా?

పిల్లని చైల్డ్‌కేర్‌లో వేస్తున్నానని చెప్పగానే మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'రేటింగ్ చూశావా?' అడిగేది ఎప్పుడూ తల్లినే. నా సహచరుడిని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. రేపు ఏదైనా జరిగితే 'చూసుకోకుండా ఎలా వేశావమ్మా?' అనే మాట కూడా నా కోసమే సిద్ధంగా ఉంటుంది.

ఆస్ట్రేలియాలో 2012 జనవరి నుంచి జాతీయ నాణ్యతా ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ అధికారులు ఏడు అంశాల్లో కేంద్రాన్ని పరిశీలించి చివరికి ఒక్క మాట ఇస్తారు. ప్రమాణాన్ని ఇంకా అందుకోకపోతే 'వర్కింగ్ టువర్డ్స్', అందుకుంటే 'మీటింగ్', దాటితే 'ఎక్సీడింగ్'. మరీ అధ్వాన్నంగా ఉంటే ఇంకో మాట ఉంది, అరుదుగా దక్కే 'ఎక్సలెంట్' కూడా ఉంది. ఆ మాటని గుమ్మం దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలి. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ర్యాంకు ఎవరికి వచ్చిందో చూస్తాం, పరీక్ష ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగం.

తనిఖీలు వద్దనడం లేదు నేను. స్టాక్ మార్కెట్లో నమోదై, వెయ్యికి పైగా కేంద్రాలు నడిపిన ఏబీసీ లెర్నింగ్ అనే కంపెనీ 2008 నవంబర్‌లో కుప్పకూలింది. పసిపిల్లల సంరక్షణని షేర్ల వ్యాపారంగా మారిస్తే ఏమవుతుందో ఈ దేశం అప్పుడే చూసింది. ప్రమాణాలు కావాలి, వాటిని అమలు చేసే అధికారులూ కావాలి. నా పేచీ అంతా ఆ ప్రమాణాలని ఎవరి చేతిలో పెట్టారన్న దాని మీదే.

ఈ వ్యవస్థ నడిచేది చాలావరకు ప్రభుత్వ సబ్సిడీతో. 2018 జులైలో వచ్చిన పద్ధతి ప్రకారం ఆ సబ్సిడీ ప్రధానంగా కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కేంద్రం 'ఎక్సీడింగ్' అయినా 'వర్కింగ్ టువర్డ్స్' అయినా ఆ శాతం మారదు. అంటే, తాను ఇచ్చిన రేటింగ్‌ని తన డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ప్రభుత్వమే పట్టించుకోలేదు. తల్లిని మాత్రం పట్టించుకోమంది! 2025 జులైలో మెల్‌బోర్న్ చైల్డ్‌కేర్ కేంద్రాల్లో పనిచేసిన ఒకడి మీద పసిపిల్లలపై లైంగిక నేరాల కేసులు బయటపడి దేశమంతా అట్టుడికిపోయాక, భద్రతలో, నాణ్యతలో విఫలమవుతున్న కేంద్రాలకి సబ్సిడీ ఆపేసే అధికారం కల్పిస్తూ ఆ నెలాఖరున పార్లమెంటు చట్టం చేసింది. రేటింగులు మొదలైన పదమూడేళ్లకి. ఈ పదమూడేళ్లూ ఎంపిక బాధ్యతంతా ఎవరి నెత్తిన ఉందో వేరే చెప్పాలా?

నేను సాహిత్య విద్యార్థిని. ఏ పాఠాన్నైనా అందులో ఎవరి గొంతు లేదని వెతుకుతూ చదవడం నా వృత్తి. ఆ ఏడు అంశాలనీ అలాగే చదివాను. నాలుగోది సిబ్బంది గురించి. వాళ్ల అర్హతలూ, పని ఏర్పాట్లూ, పిల్లల దగ్గర అవే మనుషులు కొనసాగడమూ ఉన్నాయి. జీతం లేదు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా స్త్రీలే పనిచేసే రంగంలో నాణ్యతని కొలిచేవాళ్లకి జీతం ఒక కొలత కాలేదు! ఇంటి చాకిరీని లెక్కలోకి తీసుకోని పితృస్వామ్యం, అదే చాకిరీ ఇల్లు దాటి జీతానికి వచ్చినా లెక్కలోకి రానివ్వదు.

మా వీధిలో ఒకమ్మాయి గుంటూరు నుంచి వచ్చి, పర్మనెంట్ రెసిడెన్సీ కోసం ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సు చేసి ఒక కేంద్రంలో పనిచేస్తోంది. రెండేళ్ల లోపు పిల్లలు నలుగురికి ఒక మనిషి ఉండాలన్నది నిబంధన కదా అన్నాను. 'అది బిల్డింగ్ మొత్తానికి లెక్కక్కా, గదికి కాదు' అంది. ఒకావిడ పక్క గదిలో వేరే పిల్లలతో ఉన్నా లెక్క సరిపోతుందిట. ఈలోపు గదిలో ఏడుగురు పిల్లలతో ఈ అమ్మాయి ఒక్కతే. 'ఒకడికి డైపర్ మారుస్తుంటే ఇంకొకడు పడిపోతాడక్కా. రిపోర్టులో నా పేరు రాస్తారు.' వాళ్ల గుమ్మం దగ్గరున్న మాట 'మీటింగ్'. అది అబద్ధం అననక్కర్లేదు. నిబంధననే అలా రాసుకున్నారు.

ఇదంతా విని కొందరు వెంటనే అనే మాట ఇంకోటుంది: 'ఈ గొడవంతా ఎందుకు, అమ్మనో అత్తగారినో పిలిపించుకో.' ఇక్కడ స్టూడెంట్ వీసా మీద ఉన్న కుటుంబాల్లో చాలామందికి సబ్సిడీ వర్తించదు, ఫీజు మొత్తం కట్టుకోవాల్సిందే. అందుకని విజిటర్ వీసా మీద కొన్నాళ్లు అమ్మ, కొన్నాళ్లు అత్తగారు వంతులవారీగా వస్తుంటారు. మోకాళ్ల నొప్పులతో, భాష రాని ఊళ్లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పసిపిల్లతో నాలుగు గోడల మధ్య. వాళ్లకి జీతమూ లేదు, సెలవూ లేదు. మనవలతో గడపడం అదృష్టం కాదా అంటారు. అదృష్టమే అనుకుందాం, మరి ఆ అదృష్టం తాతగారికి వంతుల ప్రకారం ఎందుకు రాదు?

కాబట్టి నేను రేటింగ్ చూస్తాను, కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగను. ఏ ఏడాది ఇచ్చారో చూస్తాను. ఏడు అంశాలకీ విడివిడిగా ఏం వచ్చిందో చూస్తాను, అందులో నాలుగోది ముందు. అర్హతగల టీచరు దొరకలేదని తాత్కాలిక మినహాయింపు తెచ్చుకున్నారేమో కనుక్కుంటాను. ఈ గదిలో ఉండే ఆవిడ ఇక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తోందని, మధ్యాహ్నం ఆవిడ భోజనానికి వెళ్తే పిల్లల దగ్గర ఎవరుంటారని అడుగుతాను. సిబ్బంది జీతాల్ని 2024 డిసెంబర్ నుంచి 10 శాతం, 2025 డిసెంబర్ నుంచి మరో 5 శాతం పెంచడానికి కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. అయితే యజమానులు దరఖాస్తు చేసుకుంటేనే, ఫీజుల పెంపుకి పరిమితి ఒప్పుకుంటేనే ఆ డబ్బు వాళ్లకి అందుతుంది. మీరు దానికి దరఖాస్తు చేశారా అని కూడా అడుగుతాను. ఈ ప్రశ్నలు అడగడానికి వెళ్లేటప్పుడు నా సహచరుడినీ వెంట తీసుకెళ్తున్నాను. సగం ప్రశ్నలు అతనివి.