డిక్కీలో అత్తగారు

పత్తి వ్యాపారంలో నాలుగు డబ్బులు మిగిలిన ఏడాదల్లా మా మేనల్లుడికి ఏదో ఒక పురుగు కుడుతుంది. ఓసారి పావురాలు పెంచాడు. ఇంకోసారి గ్రామఫోను రికార్డులు పోగేశాడు. ఈసారి కారు. పంజాబ్ వైపు పెళ్లి ఊరేగింపుల కోసం పాతకాలం కార్లలా కనిపించే బండ్లు తయారుచేస్తారు. అలాంటిదొకటి లారీ మీద గుంటూరు తెప్పించాడు. నిలబడి చూస్తే 1930ల నాటి దొరగారి కారు. వంగి చూస్తే పాత జీపు. పొడుగాటి ముక్కు, గుడ్లగూబ కళ్లలాంటి దీపాలు, గుండ్రంగా జారిపోయిన తోక. పైకప్పు లేదు. ఇలాంటి వాటిని రోడ్‌స్టర్ అంటారట.

అంతా బాగానే ఉంది గానీ కూర్చోవడానికి ఇద్దరికే చోటు. వాడింట్లో వాడూ, భార్యా, ఇద్దరాడపిల్లలూ, అత్తగారూ. ఐదుగురున్న ఇంట్లో ఇద్దరు పట్టే కారంటే, ముగ్గురితో గొడవ పెట్టుకున్నట్టే కదా!

''దానికీ ఉపాయం ఉంది మామయ్యా'' అని ఫోన్లో ఓ బొమ్మ చూపించాడు. పాత ఫోర్డు మోడల్-ఎ కారు. తోక మీద మూత వెనక్కి తెరుచుకుని ఉంది. లోపల చక్కటి తోలు సీటు. మూతే వీపు ఆనించుకునే పలక. అందులో ఇద్దరు కూర్చుని నవ్వుతున్నారు. ముందువాళ్లకి వానొస్తే కప్పుకోవడానికి గుడ్డ టాపు ఉంది. వెనకవాళ్లకి ఆకాశమే.

అమెరికావాళ్లు దీన్ని రంబుల్ సీటు అన్నారు, ఇంగ్లండువాళ్లు డిక్కీ సీటు అన్నారు. దానికి ఇంకో ముద్దుపేరు కూడా ఉంది... అత్తగారి సీటు! జర్మన్లయితే ఆ పేరే ఖాయం చేసుకున్నారు. బంతిలా గుండ్రంగా ఉండి ఒళ్లంతా ముళ్లుండే ఓ కాక్టస్ మొక్కకీ వాళ్లు అదే పేరు పెట్టారు. కారణం చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్న మనిషి మాట ముందుకి వినపడదు, వానొస్తే తడిసేదీ ఆవిడే. మన ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు 'అత్తగారి కథలు' రాసి అత్తగార్లకి కాస్త మర్యాద తెచ్చారు గానీ, అంతకు ముందు లోకమంతా ఇదే వరస.

వీడు ఈ సంగతంతా నవ్వుతూ చెబుతుంటే గుమ్మం పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న వాళ్ల అత్తగారు తలెత్తారు. మేనల్లుడి మొహం పాలిపోయింది. ఆవిడ మాత్రం తాపీగా ''నా పేరు మీదే ఉందన్నమాట. అయితే నేను చూడకుండా ఎలా బిగిస్తారు? నేనూ వస్తాను షెడ్డుకి'' అన్నారు. ఆవిడ నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అక్కయ్యగారూ అంటాను.

అన్నట్టు, ఆ డిక్కీ అన్న మాట మీకెక్కడో తగిలిందా? పెట్టె డిక్కీలో పెట్టు, స్టెపినీ డిక్కీలో ఉంది... రోజూ అనేదే. గుర్రబ్బగ్గీల కాలంలో తోలేవాడో, దొరగారి నౌకరో కూర్చునే బయటి సీటుని ఇంగ్లిషువాళ్లు డిక్కీ అనేవాళ్లు. మోటార్లొచ్చాక కారు వెనక మడత సీటుకి ఆ పేరొచ్చింది. తర్వాత ఆ సీటూ పోయింది, ఆ చోట్లో సామాన్లు పెట్టుకున్నారు. ఇంగ్లండులో దాన్ని బూటు అనుకున్నారు. మనం మాత్రం సీటు పోయినా పేరు వదల్లేదు. తెలుగునాట డిక్కీ తెరిచిన ప్రతివాడూ తెలియకుండానే లేని కుర్చీ మూత ఎత్తుతున్నాడన్నమాట.

వెనక సీటైనంత మాత్రాన నౌకరుదే కానక్కర్లేదు లెండి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. దాని వెనక సీటు సింహాసనమే. ఎత్తుగా, ఊరంతా చూసేలా. వెనక కూర్చోవడంలో తక్కువేం లేదు. ఎవరికి కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆటోనగర్‌లో మా మేస్త్రికి అరవై దాటాయి. టింకరింగ్ పనిలో పండిపోయిన చెయ్యి. ఫోన్లో బొమ్మ చూసి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, తోక మీద వేలితో కొట్టాడు.

''మూత తిప్పెయ్యడం ఎంతసేపు బాబూ. మామూలు డిక్కీకి మడతబందులు సీటు వైపుంటాయి. ఇవి తీసి బంపరు వైపు పెడితే మూత వెనక్కి పడుద్ది, వీపుకి ఆనుద్ది. చుట్టూ కాలవ కొట్టి రెండు గొట్టాలు కిందకి దించితే వాన నీళ్లు పోతాయి. ఎక్కడానికి బంపరు మీద ఒక మెట్టు, మడ్‌గార్డు మీద ఒక మెట్టు. నీ అదృష్టం, ఇది పాత జీపు, టాంకు డ్రైవరు సీటు కిందుంది. వెనక ఖాళీయే.''

ఈ టాంకు సంగతి చిన్నది కాదు. ఫోర్డు మోడల్-ఎ 1928-31 మోడళ్లలో పెట్రోలు టాంకు ముందు అద్దానికి ముందుండేది. పెట్రోలు దానంతటదే కిందకి జారి కార్బురేటర్లోకి వచ్చేది, పంపు పని లేదు. అందుకే వెనక తోకంతా మనుషులకి మిగిలింది. తర్వాత్తర్వాత టాంకులు వెనక్కి వచ్చేశాయి. ఇనప రేకు టాపుల కార్లు చవకగా దొరికాక వానలో తడిసే సీటు ఎవరిక్కావాలి? అమెరికాలో 1939 మోడళ్లతో దాని కథ ముగిసింది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ ఒక్కటీ యుద్ధం తర్వాత 1946 నుంచి 49 దాకా తన రోడ్‌స్టర్లో డిక్కీ సీటు పెట్టింది. వెనకవాళ్లకి విడిగా ఓ చిన్న గాలి అద్దం కూడా ఇచ్చింది పాపం.

''అయితే కొట్టెయ్ మేస్త్రీ'' అన్నాడు మేనల్లుడు.

మేస్త్రి కదల్లేదు. ''ఎద్దుబండి తోలావా బాబూ ఎప్పుడన్నా?'' అన్నాడు.

వాడేం తోల్తాడు! నేను తోలాను. చిన్నప్పుడు కందికట్టె తెస్తూ బరువంతా వెనక్కి వేసేసరికి కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేసింది. మా నాన్న తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. బండికి ప్రాణం ఇరుసు. బరువు ఇరుసుకి ముందుంటే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనకుంటే మెడ లేచిపోతుంది. జట్కావాళ్లు ఊరికే అనేవాళ్లు కాదు, ''ముందుకి జరగండమ్మా'' అని. కారులోనూ అంతే. ఈ తోక సీటు వెనక ఇరుసుకి అవతల పడుతుంది. అక్కడ ఇద్దరు కూర్చుంటే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. గతుకు తగిలితే, తూగుడుబల్ల చివర కూర్చున్నవాడిలా ఎగిరేది వెనకవాళ్లే.

మేనల్లుడికి మాటలతో ఎక్కలేదు. మేస్త్రి కుర్రాడు పక్కనున్న ట్రాలీ ఆటోవాణ్ని బతిమాలి రెండు మిర్చి టిక్కీలు దింపించాడు. యార్డు సంగతి తెలియనివాళ్ల కోసం... గుంటూరులో మిరపకాయల గోతాన్ని టిక్కీ అంటారు. ఒక్కోటీ నలభై కిలోలకి తక్కువుండదు, అంటే రమారమి ఎదిగే పిల్లంత. డిక్కీ మూత ఊడదీసి, చెక్క పలకేసి, రెండు టిక్కీల్ని పక్కపక్కన కూర్చోబెట్టారు. మేనల్లుడు స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన.

షెడ్ల మధ్య సందులో వంద గజాలు బాగానే వెళ్లాం. మలుపు దగ్గర స్పీడ్‌బ్రేకరు. ముప్ఫై దాటి లేదు వేగం. ముందు చక్రాలు దిగాయి, వెనకవి ఎక్కాయి, ధన్‌మని ఓ చప్పుడు. తిరిగి చూస్తే ఒక్క టిక్కీయే కూర్చునుంది. రెండోది రోడ్డు మీద పడి కుట్టు విచ్చింది. ఎర్రటి కాయలు సందంతా దొర్లాయి. ఘాటుకి వెల్డింగు వాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు, మేము, అందరం తుమ్ములూ దగ్గులూ.

అక్కయ్యగారు చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి చూశారు. ''గోతం కాబట్టి మళ్లీ కుట్టుకోవచ్చు'' అన్నారు. అంతే. తిరిగి వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు.

కాయలేరాక టీ తాగుతుంటే మేస్త్రి తనంతట తనే మాట్లాడాడు. ''నేను పెట్టని వెనక సీటు లేదు సారూ. ఆటోల వెనక సామాన్ల చోట్లో పలకలు బిగించాను. డ్రైవరుకి అటొకటి, ఇటొకటి బిగించాను. మిరప కోతలకీ పత్తి తీతలకీ కూలోళ్లని ఎక్కించుకునే ఆటోలన్నీ ఇక్కడికే వచ్చేవి. ఒకసారి ఒకతను వచ్చి వెనక పలక తీసేయమన్నాడు. నేనే బిగించింది అది. ఎందుకు తీయమన్నాడో అతను చెప్పలేదు, నేను అడగలేదు. డబ్బులు కూడా తీసుకోలేదు. అప్పట్నుంచి మానేశాను.''

''మీరు మానేస్తే ఇంకోళ్లు బిగిస్తారుగా'' అన్నాడు మేనల్లుడు.

''బిగిస్తారు బాబూ'' అన్నాడు.

నిజానికి రంబుల్ సీటంటే వాడు ఫోన్లో చూపించిన తోలు సీటు కాదు, మన పల్నాటి రోడ్ల మీద రోజూ పొద్దున్నే వెళ్లేదే. తెల్లారి నాలుగింటికి లేచి, అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని, వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్లు బయటికి వేలాడేసుకుని వెళ్తారే ఆడవాళ్లు, వాళ్లది. దానికి మడతబందుల్లేవు, రెగ్జిన్ లేదు, వెనక గాలి అద్దం అసలే లేదు. దుమ్ము మాత్రం కావాల్సినంత. పోయే బండి వెనక గాలి సుడి తిరిగి దుమ్మునీ పొగనీ లోపలికి లాగుతుంది. ముందు కూర్చున్నవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

రవాణా శాఖలో చేసి రిటైరైన మిత్రుడొకాయన ఉంటే సాయంత్రం ఆయన్నీ అడిగాం. ఆయన సీటు సంగతి వినకముందే కారు చూసి నవ్వాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన కంపెనీ చెప్పిన వివరాలకీ ఆర్‌సీలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, ఇలాంటి మార్పు చేసిన యజమానికి ఆర్నెల్ల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ''సీటు మాట దేవుడెరుగు, జీపుకి ఈ వేషం వేయడమే ఒక మార్పు నాయనా'' అన్నాడాయన.

''మరి పాత కార్లకి విడిగా రూల్సున్నాయిగా?'' అని వీడు.

ఉన్నాయి, నిజంగా పాతవాటికి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఇంజనూ ఛాసిస్సూ బాడీల్లో పెద్ద మార్పులు లేకుండా ఉంటే వింటేజ్ బండిగా నమోదు చేసుకోవచ్చు. 2021 జులైలో వచ్చిన నిబంధనలవి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. నంబరు ప్లేటు మీద విఎ అనే అక్షరాలొస్తాయి. ప్రదర్శనకో, ర్యాలీకో తీయొచ్చు గానీ రోజూ తిరగడానికీ, అద్దెకీ కుదరదు. మీ తాతగారి గొడ్లచావిట్లో అసలైన డిక్కీ సీటున్న కారేదైనా గడ్డి కింద పడుంటే, దాని మీద కొత్త రేకు వేయించకుండా ముందు ఈ రూల్సు చదవండి. వేషం కట్టిన జీపుకి వయసు పైపూతే.

మేనల్లుడు వారం రోజులు ముభావంగా తిరిగాడు. ఆ తర్వాత మేస్త్రి దగ్గరికెళ్లి ''బండి రోడ్డెక్కదు, సీటు మాత్రం బిగించు'' అన్నాడు. అప్పుడు మేస్త్రి సంతోషంగా చేశాడు. మడతబందులు తిప్పాడు, కాలవ కొట్టాడు, మెట్లు పెట్టాడు. ఎర్ర రెగ్జిన్ కుట్టించాడు. ఎంత బాగా వచ్చిందంటే, మూత వేస్తే గీత కనపడదు.

ఇప్పుడా కారు వాళ్లింటి ముందు రేకుల పంచలో ఉంటుంది. చక్రాల కింద ఇటుకలు. ఆదివారాలు పిల్లలిద్దరూ మూత తీసుకుని అందులో కూర్చుని బొమ్మల పుస్తకాలు చదువుతారు. మధ్యాహ్నం వాళ్లు లేనప్పుడు అక్కయ్యగారు మెట్లెక్కి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తారు. ''నా సీటు'' అంటారు. అల్లుడు నవ్వడానికి ఇప్పటికీ కాస్త జంకుతాడు.

పోయిన కార్తీకంలో అందరం అమరావతి వెళ్లాం, అమరేశ్వరుడి దర్శనానికి. మా మామూలు కారులోనే. నేను నడుపుతున్నా, అక్కయ్యగారు పక్కన, మిగిలినవాళ్లు వెనక. లాం, తాడికొండ దాటాక ఓ ఆటో ముందుకొచ్చింది. వెనక పలక మీద నలుగురు, పత్తి తీతకి వెళ్లొస్తున్నారు. తలకి తువ్వాళ్లు, చీరల నిండా దూది పోగులు, కాళ్లు రోడ్డుకి జానెడు ఎత్తులో ఊగుతున్నాయి. మా పిల్లలు చెయ్యి ఊపారు. వాళ్లలో చిన్నమ్మాయి ఒకతె పలకని పట్టుకున్న చెయ్యి వదిలి తనూ ఊపింది.

''వద్దమ్మా, ఊపకండి'' అని పిల్లల్ని వారించి, అక్కయ్యగారు నా వైపు తిరిగారు. ''కాస్త దూరంగా పోనీ తమ్ముడూ'' అన్నారు.

మోతడక దాకా అలా దూరంగానే వెళ్లాం.