ముందు అద్దంలో పిట్ట

"ఆ పిట్టని ఆపరా అల్లుడూ" అన్నాడు మావయ్య, కళ్లు తెరవకుండానే.

నిజం పిట్ట కాదు. మా ఓమ్నీ ముందు అద్దం దగ్గర ఎక్కడో 'కిచ్... కిచ్... కిర్ర్' అని వచ్చే చప్పుడు. టెక్కలి వైపు హైవే మీద వెళ్తే ఒక్క కూత ఉండదు. కాశీబుగ్గ నుంచి వజ్రపుకొత్తూరు రోడ్డులోకి తిరిగి, మొదటి గొయ్యి తగలగానే మొదలు. ఇక ఇంటి దాకా ఆగదు.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి ఎంత ఫేమస్సో, ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు కూడా అంతే ఫేమస్సు. మావయ్యకి మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుని బయటికొచ్చాక ఆయనకి కావాల్సింది ఒక్కటే, నిద్ర. ఇంటికెళ్లే దారిలో కునుకు పట్టే లోపు ఈ పిట్ట లేపేస్తోంది. అందుకే నేను దీని వెంట పడ్డాను. లేకపోతే అందరిలాగే పాటల సౌండ్ పెంచేసి ఊరుకునేవాణ్ణి.

మొదటి ఆదివారం మొత్తం డ్యాష్‌బోర్డు మీద పోయింది. స్క్రూలు బిగించాను, వైర్ల కింద స్పాంజి ముక్కలు దూర్చాను, చివరికి గణపతి బొమ్మని కూడా పీకి పక్కన పెట్టాను (అమ్మ తిట్టింది). పిట్ట మాత్రం పోలేదు.

అప్పుడు తెలిసిందేంటంటే, ముందు చప్పుడు రకం వినాలి. టకటకమంటే గట్టి వస్తువు గట్టి వస్తువుకి కొట్టుకుంటోంది. ప్లాస్టిక్ క్లిప్పో, వైపర్ కింద పట్టీయో, లోపలి అద్దం కాడో అయి ఉంటుంది. స్పీడు పెరిగే కొద్దీ ఈల వేస్తే గాలి దూరే సందు ఉంది. మాది ఆ రెండూ కాదు, కిర్రుమనే రకం. అంటే రబ్బరు దేన్నో పట్టుకుని వదులుతూ, మళ్లీ పట్టుకుంటూ ఉంది. గోతుల్లో బండి బాడీ కొంచెం మెలి తిరుగుతుంది, అద్దం తిరగదు. ఆ తేడా అంతా మధ్యలో ఉన్న నల్ల రబ్బరు, మన మెకానిక్‌లు బీడింగ్ అనేది, భరించాలి. మెత్తగా ఉన్నన్నాళ్లూ నోరెత్తదు. ఎండకి గట్టిపడి, సందులో మా సముద్రపు ఇసక చేరితే కూస్తుంది. హైవే మీద ఎందుకు కూయలేదో కూడా ఇప్పుడు అర్థమైంది కదా?

పరీక్ష చాలా ఈజీ. చెంబుడు నీళ్లు బీడింగ్ చుట్టూ పోసి, అదే గోతుల రోడ్డు మీద తిప్పండి. చప్పుడు కాసేపు ఆగితే దొంగ రబ్బరే. ఏ మూలో తెలియాలంటే పెయింటర్లు వాడే కాగితం టేపుతో ఒక్కో వైపు అంచు అంటించి, ఒక్కో రౌండు వేయాలి. మాకు ఎడమ వైపు కింద మూల టేపు వేసినప్పుడు పిట్ట నోరు మూసుకుంది.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఇంట్లో కొబ్బరినూనె ఉందిగా అని రాసేశాను. రెండు రోజులు మౌనం. మూడో రోజుకి ఇసకంతా నూనెకి అంటుకుని, ఒక పిట్ట రెండు పిట్టలైంది. పాత ఇంజనాయిలు, గ్రీజు అసలు వద్దు, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే మామూలు కిర్రుకి సరిపోతుంది.

మాది మామూలు కిర్రు కాదని కాశీబుగ్గ టింకరింగ్ మేస్త్రి చూపించాడు. స్క్రూడ్రైవర్ మొనతో బీడింగ్ అంచు ఎత్తి, "ఏటిది బావూ, అద్దానికి బాత్రూం సిలికాన్ కొట్టించినారేటి?" అన్నాడు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా కొబ్బరిచెట్టు మట్ట వచ్చి పడింది సరిగ్గా ఓమ్నీ అద్దం మీదే. అప్పట్లో ఏ షెడ్డులో చూసినా క్యూ. ఎవరో గబగబా కొత్త అద్దం పెట్టి, పాత బీడింగే వాడి, సందులో ఆ సిలికాన్ నింపి పంపించేశారు. వెనిగర్ వాసన వచ్చే ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకుని తింటుంది. పైగా లోపలికెళ్లిన ఉప్పునీళ్లని బయటికి పోనివ్వదు. మేస్త్రి గోరుతో గీకితే రేకు జీడిపప్పు పొట్టులా రాలింది.

"కూత మంచిదే అయింది. కూయకపోతే ఓ రోజు అద్దం ఊడి మీ ఒళ్లో పడును" అన్నాడు.

మంగళవారం సాయంత్రం బండి ఇచ్చాను. శుక్రవారం పొద్దున్నే మావయ్య మిషన్ దగ్గర ఉండాలి, అదొక్కటే నా టెన్షన్. బుధవారం అద్దం తీసి, తుప్పు వైరు బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన పెయింట్ వేశారు. గురువారం కొత్త బీడింగ్. అది బిగించే తీరు చూడాల్సిందే! అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో చుట్టూరా తాడు పెట్టారు. సబ్బునీళ్లు రాసి, అద్దాన్ని బయట నుంచి ఒకడు అదిమి పట్టాడు. మేస్త్రి లోపల కూర్చుని తాడు కొస మెల్లగా లాగుతుంటే, రబ్బరు అంచు రేకు మీదికి దానంతటదే ఎక్కుతూ వచ్చింది. సిలికాన్ చుక్క కూడా వాడలేదు.

మీది కొత్త కారైతే ఈ తాడు పని కుదరదు. వాటి అద్దాన్ని జిగురుతో బాడీకి అంటిస్తారు. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆ అద్దానికి ఆనుకునే విచ్చుకుంటుంది. కాబట్టి అంచులో చప్పుడొచ్చినా, లోపల తడి కనిపించినా గమ్ పూసి సరిపెట్టుకోవద్దు, అద్దాల పని తెలిసినవాళ్లకే చూపించండి. కొత్తగా అంటించాక వాళ్లు చెప్పినన్ని గంటలు బండి కదపకండి. ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి, తలుపులు ధడేల్మని వేయొద్దు. లోపలి గాలి ఒత్తిడికి పచ్చి జిగురు విడిపోతుంది.

గురువారం రాత్రి తొమ్మిదింటికి బండి చేతికొచ్చింది. శుక్రవారం డయాలసిస్ అయ్యాక అదే రోడ్డు, అవే గోతులు. మావయ్య తల కిటికీకి ఆనించి కాశీబుగ్గ దాటకముందే పడుకున్నాడు. నేను పాటలు కూడా పెట్టలేదు. ఇంటి ముందు ఆపితే కళ్లు తెరిచి, కాసేపు అటూ ఇటూ చూసి అన్నాడు:

"ఒరే అల్లుడూ, పక్క తలుపు టకటకమంటంది. ఇన్నాళ్లూ ఆ పిట్ట గోలలో ఇనపళ్లేదు, సూడు ఓపాలి."