పంపకాలకు ముందు జాబితా

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల, పటమటలోనో లబ్బీపేటలోనో, పెద్దాయన పోయిన ఇంట్లో పెద్దకర్మ అయిన మర్నాడే ఒక మాట వినిపిస్తుంది: "ఆ పాత పేపర్లవాణ్ని కేకెయ్యండి." అమెరికా కొడుక్కి ఆదివారం ఫ్లైటు. అల్లుడికి సెలవు లేదు. మూడు గదుల నిండా సామాను: చెదలు పట్టిన వారపత్రికలు, మూతల్లేని స్టీలు డబ్బాలు, తిరగని మిక్సీలు. అటక మీది గోనెసంచుల్లో ఏముందో ఎవరికీ తెలీదు. ఎప్పటికైనా పనికొస్తాయని ఆయన దాచినవే అన్నీ.

ఇలాంటి ఇంటి కథల్లో పేరుమోసింది న్యూయార్క్‌ది. హార్లెంలో హోమర్, లాంగ్లీ కోలియర్ అనే అన్నదమ్ములుండేవారు. ఇద్దరూ బ్రహ్మచారులే. అన్నకు చూపు పోయింది. మళ్లీ వస్తే చదువుకుంటాడని తమ్ముడు ఏళ్ల తరబడి పేపర్లు పోగేశాడు. 1947 మార్చి 21న హోమర్ శవం దొరికింది. లాంగ్లీ ఎటో వెళ్లిపోయాడనుకుని ఊరూరా వెతికారు. తీరా ఏప్రిల్ 8న చూస్తే అన్న పోయిన చోటికి పదడుగుల దూరంలోనే ఉన్నాడు. దొంగల కోసం తాను పన్నిన ఉచ్చే కూలి, కట్టల కింద నలిగిపోయాడు. ఆ ఇంట్లోంచి వంద టన్నులకు పైగా సామాను తోడారు. 14 పియానోలు, పాత ఫోర్డ్ కారు ఛాసీ, వాటి మధ్యెక్కడో 34 బ్యాంకు పాస్‌బుక్కులు! పనికొచ్చేవి ఏరి వేలం వేస్తే రెండు వేల డాలర్లు కూడా రాలేదు. ఇల్లు ఆ ఏడాదే కూల్చేశారు. వారసులమంటూ వచ్చినవాళ్ల వ్యవహారం మాత్రం 1952 దాకా కోర్టులో నలిగింది.

ఆ అన్నదమ్ములు పోయిన రెండేళ్లకు, 1949 మార్చి 2న, హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కన్నుమూశారు. ఆయనా బ్రహ్మచారే. ఆయన భవనం దివాన్ దేవిడీ నిండా ఆయనా, ఆయన పెద్దలూ కొన్న వస్తువులే. వారసుల లెక్క తేలకముందే ప్రభుత్వం ఎస్టేటుకు కమిటీ వేసింది. వస్తువులను వరసగా అమర్చే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియాన్ని నెహ్రూ తెరిచారు. వారసులు రాజీపడి సేకరణను వదులుకున్నది ఆ తర్వాత, 1958లో. దంతపు బొమ్మలకూ పాత పేపర్లకూ పోలికేమిటంటారా? ఏది దంతమో ఏది చెత్తో సంచి విప్పితే కదా తెలిసేది. హైదరాబాదులో సామాను చూడటం ముందు జరిగింది, వాటాలు తర్వాత తేలాయి. మన ఇళ్లలో వాటాల మాట ముందొస్తుంది.

మనింటికి ఏ ప్రభుత్వమూ కమిటీ వెయ్యదు. కొడుకులూ కూతుళ్లూ కలిసి కూర్చుని, నోటుపుస్తకంలో గది గదికీ రాసుకోవాలి. పోతే దొరకనివి కాగితాలు. రబ్బరుబ్యాండు కరిగి అతుక్కుపోయిన పాస్‌బుక్కు, క్యాలెండరు చుట్టలో దూర్చిన షేరు సర్టిఫికెట్టు, పంచాంగం మధ్య మడిచిన ఎల్‌ఐసీ బాండు. పదేళ్లు కదలని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. వారసులు అప్పుడైనా అడగొచ్చు, ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకనూవచ్చు. ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు కేంద్రం నిధికి పోతాయి, వాటికీ దరఖాస్తు ఉంది. కానీ పెద్దాయన పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో ఉంటుంది. కాగితం చేతిలో ఉంటే ఆ చిక్కు సగం తీరుతుంది. బ్యాంకు డిపాజిట్టుకు నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బు తనదేనని పెద్దకొడుకు అనుకుంటే పొరపాటు. నామినీ తీసుకునేది వారసులందరి తరఫునే అని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

డబ్బాల్లో నోట్లూ దొరుకుతాయి. రెండు వేల నోట్లయితే రిజర్వు బ్యాంకు హైదరాబాదు కార్యాలయంలో మార్చుకోవచ్చు. రద్దయిన పాత ఐదొందలు, వెయ్యి నోట్లతో జాగ్రత్త, పదికి మించి దగ్గరుంచుకోవడమే 2017 చట్టం ప్రకారం నేరం. పోయినాయనకు ఆ సంగతి తెలిసి ఉండదు.

ఇక అందరూ మరిచిపోయేది అమ్మను. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ఆవిడకు పిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది. నలభై ఏళ్లు ఆ సామాను మధ్య వండిపెట్టిందీ ఆవిడే. ఏ డబ్బాలో ఏముందో కాస్తో కూస్తో చెప్పగలిగేదీ ఆవిడే. అటక మీది సంచులు దింపే రోజు ఆవిణ్ణి కూతురింటికి పంపించేస్తారు, దుమ్ము పడదని.