‘వందేరి’ అన్నప్పుడు మనం ఎవరి తరఫున బదులిస్తున్నాం?

తమిళనాడులో ఎన్నికల గాలి మొదలైతే చాలు, ‘వందేరి’ అనే మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. బయటి నుంచి వచ్చి చేరినవాడని అర్థం. వడుగర్, గొల్టి అనేవి దాని తోబుట్టువులు. 2024 నవంబరులో చెన్నైలో జరిగిన ఒక సభలో నటి కస్తూరి, రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చినవారంటూ తెలుగువారి గురించి మాట్లాడారు. అందరినీ అనలేదన్నారు, మాట వెనక్కి తీసుకున్నారు. పోలీసులు హైదరాబాదులో అరెస్టు చేశారు, కొద్ది రోజులకు బెయిలు వచ్చింది. అంతటితో ఫైలు మూసేశాం. ఆ మాట నిజమేనని నమ్మేవారితో మాత్రం ఎవరూ కూర్చుని మాట్లాడలేదు.

అప్పుడు మనవాళ్లు ఇచ్చిన జవాబులు గుర్తుచేసుకోండి. మదురైలో తిరుమల నాయకుడి మహలు చూడండి, 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన ఎవరో తెలుసుకోండి, తిరువైయారులో త్యాగరాజస్వామి ఏ భాషలో పాడారో అడగండి అన్నాం. అన్నీ నిజాలే. కాని అవతలివారు వేసిన ప్రశ్నను మనం ఒప్పేసుకుని జవాబు చెప్పాం. ఎవరి తాత ముందొచ్చాడు, ఎవరి తాత గొప్పవాడు అన్నదాన్ని బట్టి ఈ నేల మీద హక్కు తేలుతుందన్నదే ఆ ప్రశ్న.

వారు దీన్ని ‘ఇనం’ లెక్కగా చెబుతారు. తమిళంలో ఇనం అంటే జాతి. ద్రావిడ భాషలు వేరే కుటుంబమని 1816లో ఎల్లిస్ రాసింది తమిళ వ్యాకరణంలో కాదు, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా. 1856లో కాల్డ్‌వెల్ ఆ చుట్టరికాన్ని పెద్ద గ్రంథంగా రాశాడు. భాషల బంధుత్వానికి పెట్టిన పేరు పోనుపోను మనుషుల రక్తానికి పేరైంది. రెండు వందల ఏళ్ల నాటి ఆ లెక్క ప్రకారం చూసినా తమిళం, తెలుగు ఒక ఇంటివే.

ఇక అసలు విషయం. ‘వందేరి’ దెబ్బ నిజంగా తగిలేది మహళ్లు కట్టినవారి వారసులకు కాదు. కోయంబత్తూరు, ఈరోడ్, సేలం వైపు అరుంధతియర్లు ఎక్కువ. వారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వీధులూడ్చే పని, మురుగు కాలువల పని తరతరాలుగా వారి నెత్తినే పడింది. 2009లో కరుణానిధి ప్రభుత్వం ఎస్సీల 18 శాతంలో 3 శాతం అరుంధతియర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అనే ఏడు కులాలకు ప్రత్యేకించింది. ఆంధ్రలో మాదిగ దండోరా అడిగింది కూడా ఇలాంటి వర్గీకరణే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పడంతో ఆ చట్టానికి బలం వచ్చింది. అయినా, వలస వచ్చినవారికి మా వాటా ఎందుకివ్వాలి అనే గొంతులు ఆగలేదు. అంతకుముందే, 2023 ఈరోడ్ తూర్పు ఉప ఎన్నికలో నామ్ తమిళర్ కట్చి నాయకుడు సీమాన్, అరుంధతియర్లను విజయనగర కాలంలో పారిశుద్ధ్య పనికి తెచ్చారన్న అర్థంలో మాట్లాడారు. ఆయన మీద కేసు నమోదైంది.

కస్తూరి మాటకు మన సంఘాలలో పుట్టిన వేడి, సీమాన్ మాటకు ఎందుకు పుట్టలేదు? అక్కడ అవమానపడింది కూడా తెలుగువారే కదా. మనం ‘తెలుగువారు’ అన్నప్పుడు వారిని లెక్కలో వేసుకోవడం లేదన్నదే దీనికి నాకు తోచే జవాబు. నాయుడి తోటలో అరుంధతియర్ కూలి పనిచేస్తాడు, ఇద్దరిదీ తెలుగే. ఆ పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉందని దళిత సంఘాలు ఎన్నోసార్లు బయటపెట్టాయి. ఉగాది వేదికల మీద ఎంత మంది అరుంధతియర్లు కూర్చున్నారో ఎవరి సంఘం వారు వారే పాత ఫొటోలు తీసి చూసుకోవచ్చు.

తమిళ సోదరులతో మాట్లాడేటప్పుడు కొన్ని ఒప్పుకోవాలి. కోయంబత్తూరు మిల్లుల చరిత్రలో నాయుడు కుటుంబాల వాటా పెద్దది. చిన్న రైతుకో, మిల్లు కార్మికుడికో దాని మీద కోపం ఉంటే అది యజమాని మీద కోపం, దాన్ని భాష మీద కోపంగా మార్చకండని చెప్పగలగాలి. అలా చెప్పాలంటే మన నోరూ శుభ్రంగా ఉండాలి. అరవ గోల, అరవ చాకిరీ అని ఇళ్లలో పిల్లల ముందే అంటుంటాం. గొల్టి అంటే మాత్రం పౌరుషం వస్తుంది!

బడుల సంగతీ అంతే. 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు భాషా అల్పసంఖ్యాక విద్యార్థుల కోసం కోర్టులకెళ్లాల్సి వచ్చింది. అది న్యాయమైన పోరాటమే. అయితే తెలుగు బడులు ఖాళీ అవడానికి చట్టమొక్కటే కారణమా? పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి పంపింది మనమే.

బళ్లారి, బరంపురం, షోలాపూర్ పాఠకులకు ఇదంతా తమిళనాడు గొడవగా కనిపించవచ్చు. జనగణన మాత్రం అందరి గుమ్మంలోకీ వస్తోంది. 2027 మార్చి 1 దాని గణన తేదీ. ఈసారి అందరి కులమూ అడుగుతారు, మాతృభాష ఎప్పటిలాగే అడుగుతారు. 2011 లెక్కలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు, అంటే దాదాపు 6 శాతం. ఎందుకొచ్చిన తంటా అని తమిళం అని చెప్పినవారు మనకు తెలిసిన ఇళ్లలోనే ఉన్నారు. ముఖ్యంగా అరుంధతియర్ వాడల్లో, తెలుగని చెబితే 3 శాతం పోతుందేమోనన్న భయం ఉండవచ్చు. ఆ కోటా కులాన్ని బట్టి వస్తుంది, దానికి మాతృభాషతో సంబంధం లేదు. ఈ సంగతి ఆ వాడల్లోకి వెళ్లి చెప్పే పని సంఘాలు పెట్టుకోవాలి. చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే జనగణన లెక్కలో మాతృభాష. ఎన్యూమరేటర్ మనం చెప్పిందే రాసుకోవాలి, తనకు తోచింది రాయకూడదు. రాసింది ఒకసారి చదివి వినిపించమని అడగండి.