వండుకు తింటే సరే, కోసే చేతుల మాటేమిటి?

బర్డ్ ఫ్లూ వార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకే మాట వినిపిస్తుంది: "బాగా ఉడికించి తింటే ఏమీ కాదు." అధికారులు చెబుతారు, మంత్రులు చెబుతారు, కోళ్ల వ్యాపారులు ఊరి మధ్యలో షామియానా వేసి ఉచితంగా చికెన్ వండి పెట్టి మరీ చెబుతారు. ఆ మాట నిజమే. ముక్క లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే హెచ్‌5ఎన్‌1 వైరస్ బతకదు. మన ఇళ్లలో కోడికూర అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. నా పేచీ ఆ సలహాతో కాదు. ఆ ఒక్క సలహాతో మొత్తం వ్యవహారాన్ని ముగించేసి, "ఇది కోళ్ల జబ్బు, మనుషుల జోలికి రాదు" అనే దాకా వెళ్లిపోతున్న ధీమాతో నా పేచీ. తినేవాడికి ఇచ్చిన భరోసాను మనం పెంచేవాడికీ, కోసేవాడికీ, చచ్చినదాన్ని ఎత్తి గుంతలో వేసేవాడికీ కూడా అంటగడుతున్నాం. వాళ్లకు ఆ భరోసా వర్తించదు.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో రెండు చోట్ల కోళ్లు కుప్పకూలాయి. ఒకటి పొదలకూరు మండలం చాటగొట్ల. రెండోది మా కోవూరు మండలంలోని గుమ్మళ్లదిబ్బ. శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. పది కిలోమీటర్ల లోపు చికెన్ అంగళ్లు మూడు రోజులు, కిలోమీటరు లోపువి మూడు నెలలు మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. పెన్న వంతెనకు అటూ ఇటూ ఆ వారమంతా జనం మాట్లాడుకున్నది రెండే విషయాలు: చికెన్ తినొచ్చా, రేటు ఎంతకు పడింది. ఆ షెడ్లలో మేత పోసిన కూలీలకు జ్వరమేమైనా తగిలిందా అని అడిగిన గొంతు టీ అంగడి దగ్గర నాకు వినపడలేదు. "మా నాయన కాలం నుంచీ కోళ్లకు తెగుళ్లు వస్తానే ఉండాయి, ఎవురికేమైంది?" అనే మాట మాత్రం చాలాసార్లు వినపడింది.

ఎవరికేమైందో చెప్పుకుందాం. 1997లో హాంకాంగ్‌లో ఈ వైరస్ మొదటిసారి మనుషులకు సోకినట్టు బయటపడింది. సోకింది 18 మందికి, పోయింది ఆరుగురు. ఎలా సోకిందని ఆరా తీస్తే, కోడిమాంసం తిన్నందువల్ల కాదనీ, బతికున్న కోళ్లు అమ్మే అంగళ్లకు వెళ్లినందువల్లననీ తేలింది. అప్పుడే తెలిసిపోయింది ముప్పు ఎక్కడుందో. 2003 నుంచి ఇప్పటిదాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కిన మనుషుల కేసులు వెయ్యికి దగ్గరగా ఉన్నాయి. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. స్వల్పంగా వచ్చి తగ్గిపోయినవాళ్లు లెక్కకు రారు కాబట్టి అసలు మరణాల శాతం ఇంతకంటే తక్కువే ఉండొచ్చు. అయినా ఆసుపత్రి దాకా వచ్చినవాళ్లలో సగం మంది పోయే జబ్బును "కోళ్ల తెగులు" అని తీసిపారేయడం న్యాయం కాదు.

"అవన్నీ చలిదేశాల జబ్బులు, మన ఎండకు వైరస్ నిలవదు" అని ఇంకో వాదం. ఇండోనేషియా మనకంటే భూమధ్యరేఖకు దగ్గర. అక్కడ 200 మందికి సోకి 168 మంది పోయారు. ఈజిప్టు ఎడారి దేశం. అక్కడ 359 మందికి సోకింది, 120 మంది పోయారు. మన పక్కనే కేరళలో, అలప్పుళ జిల్లాలో 2024 ఏప్రిల్‌లో, నడివేసవిలో, బాతుల మందలు పోయాయి. ఎండలో ఆరిన నేల మీద వైరస్ త్వరగా చస్తుందన్నది నిజమే. కానీ షెడ్డు నీడలో తడి పెంటలోనూ, చెరువు నీళ్లలోనూ, అంగడిలోని రక్తపు తడిలోనూ ఉన్నదానికి ఎండ ఎక్కడ తగులుతుంది?

ఏ ఊళ్లోనైనా సరే, ఆదివారం పొద్దున చికెన్ అంగడి ముందు ఒక పావుగంట నిలబడండి. పంజరంలోంచి కోడిని రెక్కలు విరిచిపట్టి బయటికి లాగుతారు. గొంతు కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో పడేస్తారు. లోపల అది కొట్టుకుంటుంటే రక్తం, పెంట, ఈకల నలుసు తుంపర్లుగా పైకి లేస్తాయి. ఆ డ్రమ్ము మీదికి వంగి నిలబడే కుర్రాడికి పదహారో పదిహేడో ఏళ్లుంటాయి. మూతికి గుడ్డ ఉండదు, చేతికి తొడుగుండదు. చర్మం ఒలిచి, పేగులు లాగి, ముక్కలు కొట్టి, అదే చేత్తో డబ్బు తీసుకుని చిల్లరిస్తాడు. చెమట పడితే అదే మోచేత్తో కన్ను తుడుచుకుంటాడు. అమెరికాలో 2024 నుంచి సుమారు 70 మందికి ఈ జబ్బు సోకితే వాళ్లలో అత్యధికులు ఆవుల డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసే కూలీలు. చాలామందికి మొదట కనిపించిన లక్షణం కళ్లు ఎర్రబడటం. ఈ వైరస్ అతుక్కోవడానికి అనువైన కణాలు మన కంటిపొరలోనూ, ఊపిరితిత్తుల అడుగునా ఉంటాయి. కంట్లో పడితే కలకతో పోవచ్చు. తుంపరగా ఊపిరితిత్తుల్లోకి లోతుగా దిగితే ప్రాణానికే వస్తుంది. ఉడికించే సలహా ఈ కుర్రాడికి ఏ విధంగా ఉపయోగపడుతుంది? అతని పని పూర్తయ్యాకే కదా ఆ కోడి పొయ్యి మీదికి ఎక్కేది.

2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్‌5ఎన్‌1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. మన రాష్ట్రంలో ఈ వైరస్ సోకి పోయిన మొదటి మనిషి ఆ పసిబిడ్డ. ఇంట్లో కూరకు తెచ్చిన కోడిమాంసం పచ్చిముక్క నోట్లో పెట్టుకుందని వార్తలొచ్చాయి. అదే మాంసం ఉడికాక తిన్న ఇంటివాళ్లకు ఏమీ కాలేదు. దీన్ని చూసి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు: "పచ్చిది తింది కాబట్టి వచ్చింది, మనం పచ్చిది తినం కదా." ఆ కుటుంబాన్ని తప్పుపట్టే మాటలు కూడా విన్నాను, వాటికి నాకు కడుపు మండింది. మాంసం ద్వారానే సోకిందనుకుంటే ఇంకో విషయం ఒప్పుకోవాలి. ఎక్కడో ఒక మందలో జబ్బు పడిన కోడి పట్టేవాడి చేతికి, బండివాడి చేతికి, కోసేవాడి చేతికి, చివరికి ఒక తల్లి చేతికి వచ్చింది. అన్ని చేతులు మారినా దారిలో ఎవరూ దాన్ని పట్టుకోలేకపోయారు. నిలదీయాల్సిన చోటు అది. వంటింట్లో పసివాళ్లు తిరగడం, కత్తిపీట పక్కన గిన్నెలు ఉండటం ఏ ఇంట్లో లేదు?

పల్లెల్లో ఇంకో అలవాటుంది. పెరట్లో నాటుకోడి తూగుతూ ముడుచుకుని కూర్చుంటే, "చావకముందే కోసెయ్" అంటారు. కొక్కెర తెగులొచ్చినా అంతే. నాలుగు డబ్బులు చేసే కోడిని పారేయడానికి పేదింటికి మనసెలా ఒప్పుతుంది? కానీ కొక్కెర తెగులుకూ బర్డ్ ఫ్లూకూ పైకి తేడా తెలియదు. రెంటిలోనూ కోళ్లు ఉన్నట్టుండి రాలిపోతాయి. కొక్కెర తెగులు మనిషిని చంపదు. రెండోది చంపగలదు. ఏది ఏదో ల్యాబులో తప్ప తేలదు. కాబట్టి "తాతల నాటి నుంచీ చూస్తున్నాం" అనే అనుభవం ఇక్కడ పనికిరాదు. తాతల నాడు ఈ వైరస్ లేదు. ఈ రకం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు గూస్ పక్షుల (పెద్ద బాతుల) ఫారంలో మొదట దొరికింది. మన దేశంలో మొదటిసారి బయటపడింది 2006లో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో.

నేలపట్టు, పులికాట్ పక్షుల మీద పడే నింద గురించి కూడా ఒక మాట చెప్పాలి. చలికాలపు వలస పక్షులు తెచ్చిపెట్టాయని మా జిల్లాలో తేలిగ్గా అనేస్తారు. నీటిపక్షులు ఈ వైరస్‌ను మోయగలవు, కాదనను. వరి కోతలయ్యాక మళ్లలో మేసే బాతుల మందలు, వాటి పక్కనే దిగే కొంగలు, ఇవన్నీ ఆ గొలుసులో ఉన్నవే. అయితే మూసిన షెడ్డులోకి ఫ్లెమింగో వెళ్లదు. లోపలికి వెళ్లేది గుడ్ల ట్రేలు, మేత బస్తాలు, ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తిరిగే వ్యాను టైర్లు, మనిషి కాళ్లు. బయటికి వచ్చేది ఎరువుగా అమ్మే కోళ్లపెంట. అంగళ్లలో మిగిలిన పేగులూ తలలూ డ్రమ్ములకెత్తి రాత్రిపూట చేపల చెరువులకు తోలడం నెల్లూరు జిల్లాలో కొత్త సంగతి కాదు. చాలాసార్లు పత్రికలకెక్కింది కూడా. ఆ డ్రమ్ములు ఎత్తేది కూడా ఉత్త చేతులే. పక్షుల మీద నెపం వేస్తే వీటిలో దేన్నీ సరిదిద్దాల్సిన పని ఉండదు.

అసలు చిక్కు రైతుకిచ్చే పరిహారంలో ఉంది. ఇంత ముఖ్యమైన సంగతి గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించే ఈ పరిహారం, జబ్బు పాకకుండా ప్రభుత్వ బృందం చంపిన కోళ్లకే వస్తుంది. అంతకుముందే చచ్చినవాటికి రాదు. ఇప్పుడు రైతు స్థానంలో నిలబడి చూడండి. షెడ్డులో సోమవారం యాభై చచ్చాయి, మంగళవారం మూడు వందలు. కబురు చేస్తే శాంపిల్ భోపాల్ వెళ్లి ఫలితం వచ్చేదాకా రోజులు పడుతుంది. ఆ రోజుల్లో చచ్చే ప్రతి కోడీ పూర్తి నష్టం. కబురు చేయకుండా ఈ రాత్రికే మిగిలినవాటిని తక్కువ రేటుకు బండెక్కిస్తే అప్పులో కొంతైనా తీరుతుంది. బ్యాంకు బాకీ, మేత బాకీ నెత్తి మీదున్న మనిషిని నిజాయితీగా ఉండమని అడుగుతూ, నిజాయితీకి శిక్ష వేసే నిబంధన పెట్టుకున్నాం. ఆ బండి దిగిన చోట డ్రమ్ము మీదికి వంగేది ఆ పదహారేళ్ల కుర్రాడే. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు మండలం వేల్పూరులో జబ్బు నిర్ధారణ అయ్యేనాటికే గోదావరి జిల్లాల్లో కోళ్లు చావడం మొదలై చాలా రోజులైంది.

"మీలాంటివాళ్లు భయపెడితే పరిశ్రమ కూలిపోతుంది" అంటారు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. బడి పిల్లల భోజనంలో, అంగన్‌వాడీలో రోజూ గుడ్డు ఉండాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కోడి తినొద్దని నేను చెప్పడం లేదు. వైరస్ ఇంకా మనిషి నుంచి మనిషికి నిలకడగా పాకడం లేదన్న సంగతీ దాచడం లేదు. కానీ ఆ అడ్డుగోడ ఎప్పటికీ ఉంటుందని హామీ ఇవ్వగలవాళ్లు లేరు. మామూలు ఫ్లూ జ్వరంతో ఉన్న మనిషికే ఈ వైరస్ కూడా సోకితే, ఒకే కణంలో రెండింటి జన్యువులు కలిసి మనుషుల్లో తేలిగ్గా పాకే కొత్త రకం పుట్టే అవకాశం ఉంది. ఆవులకు రాదనుకున్నది 2024లో అమెరికాలో ఆవులకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరేవాడలో పులులు ఈ జబ్బుతో చచ్చిపోయాయి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లులకు సోకింది.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కబురు చేసిన నాటి నుంచి చచ్చిన కోళ్లకు కూడా లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి, అదీ నెలలోపు. షెడ్డు కూలీలకూ, అంగళ్లలో కోసేవాళ్లకూ, బాతులు మేపేవాళ్లకూ ఏటా చలికాలానికి ముందు మామూలు ఫ్లూ టీకా ఉచితంగా వేయాలి. మనిషిలో రెండు వైరస్‌లు కలిసే అవకాశాన్ని తగ్గించే చవకైన మార్గం అది. కోళ్లు పూడ్చే పనికి పిలిచిన మనిషికి మాస్కు, కళ్లద్దాలు, తొడుగులు ఇవ్వడంతో సరిపెట్టకుండా పది రోజులు అతని ఇంటికి వెళ్లి జ్వరం చూడాలి. కోవూరులో గానీ పొదలకూరులో గానీ దగ్గు, జ్వరంతో ఎవరైనా ఆసుపత్రికి వస్తే, డాక్టరు మొదటి ప్రశ్నల్లోనే "ఈ వారంలో కోళ్లనో బాతులనో పట్టుకున్నావా?" అని అడగాలి. ఈ జబ్బుకు వాడే ఒసెల్టామివిర్ మందు మొదటి రెండు రోజుల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. ఆ ప్రశ్న అడగకపోతే "వైరల్ జ్వరం" అని చీటీ రాసి పంపేస్తారు, ఆ రెండు రోజులూ గడిచిపోతాయి.