తిరునాళ్ళ రైలుకు పట్టాలు గట్టివేనా?

మాఘమాసం వచ్చిందంటే మన మెట్ట ప్రాంతపు దారులన్నీ పెనుగంచిప్రోలు వైపే. నందిగామ నుంచి, జగ్గయ్యపేట నుంచి జనం మునేటి ఒడ్డుకు బారులు తీరుతారు. తిరుపతమ్మ తల్లి దర్శనం కాగానే పిల్లలు మారాం చేసేది రంగులరాట్నం, జెయింటు వీలు, బుల్లి రైలు ఎక్కుతామనే. పెద్దలు టిక్కెట్టు ధర అడుగుతారు గాని, ఆ రైలును లాగేదేమిటి, అది నడిచే దారి ఎలాంటిది అని అడిగేవారు అరుదు. అడగవలసిన ప్రశ్న అదే.

వీటిని నడిపే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది మనిషి బలం. పాత కర్ర రాట్నాన్ని చేత్తో తిప్పేవారు. వేగం తక్కువ, ప్రమాదమూ తక్కువ. రెండవది ఆయిల్ ఇంజను. బెల్టో, ఇనుప తాడో చక్రాన్ని లాగుతుంది. నూర్పిడి మిషను ఎరిగిన రైతులకు దీని సంగతి చెప్పనక్కరలేదు. బెల్టు తెగితే ఇంజను దారి ఇంజనుది, చక్రం దారి చక్రానిది. మూడవది కరెంటు మోటారు. దీనికి పొగ లేదు, వేగమూ అదుపులో ఉంటుంది. కాని తీగ పైపొర చిరిగి ఇనుప చట్రానికి తగిలితే, ఎర్తింగు సరిగా లేని చోట ముట్టుకున్నవారికి ప్రాణాపాయమే.

కొలంబస్ ఓడను చాలా చోట్ల అడుగున తిరిగే టైరు నెడుతుంది. ఈ కిటుకుతోనే అమెరికాలోని డిస్నీలాండులో 1967లో ఒక వాహనం నడిపారు. పెట్టెలకు ఇంజన్లు లేవు. దారి పొడవునా అమర్చిన టైర్లే వాటిని నెట్టేవి. 1975లో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో టైర్లకు బదులు అయస్కాంత శక్తితో నెట్టే లీనియర్ మోటార్లు పెట్టారు. రెండింటిలోనూ వేగాన్ని నిర్ణయించేది దారే. పెట్టెలో కూర్చున్నవాడు సరదాకు పెంచడానికి వీలులేదు. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఇక పట్టాల సంగతి. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద తేలికగా దొర్లుతుంది. జగ్గయ్యపేట వైపు సిమెంటు గూడ్సులను ఇంజన్లు లాగుకుపోవడం మనం చూస్తున్నదే. అదే కారణాన బ్రేకు వేసినా అది వెంటనే ఆగదు. రబ్బరు టైర్ల బండి త్వరగా ఆగుతుంది గాని, పట్టా లేనందున స్టీరింగు తప్పితే జనం మీదికే పోతుంది. కనుక కిక్కిరిసిన తిరునాళ్ళలో పట్టాల రైలే మేలు. అయితే పట్టా గట్టిగా ఉండాలి. మన నల్లరేగడి నేల ఒక్క వాన పడితే మెత్తబడుతుంది. స్లీపరు ఒక పక్క కుంగితే వంపు దగ్గర పెట్టె ఒరుగుతుంది. పైగా వేగం రెండింతలైతే వంపులో పక్కకు తోసే బలం నాలుగింతలవుతుంది. ఆట త్వరగా ముగించి మరో టిక్కెట్టు అమ్ముకోవాలని తొందరపడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

శాశ్వత పార్కులో ఒకసారి వేసిన దారి ఏళ్ళ తరబడి ఉంటుంది. తిరునాళ్ళ రైలును ఊరూరా విప్పి బిగిస్తారు. బోల్టు బిగించిన ప్రతిసారీ పరీక్ష కొత్తగా మొదలు కావలసిందే. ఇటువంటి ఆటలకు భారత ప్రమాణాల సంస్థ 15475 నెంబరుతో ప్రమాణాలు రూపొందించింది. అవి కాగితాలకే పరిమితమైతే ప్రయోజనమేమిటి?

2022లో మన ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా తిరునాళ్ళ అవసరాలు మారలేదు. ఆటలకు స్థలం వేలం వేసేటప్పుడు ఎక్కువ పాటకే కాక భద్రతకూ షరతు పెట్టాలి. కరెంటు శాఖవారు ఎర్తింగు చూడాలి. అర్హత గల ఇంజనీరు పట్టాలు, బ్రేకులు, బోల్టులు తనిఖీ చేసి, సంతకం చేసిన కాగితం టిక్కెట్టు బల్ల మీద అతికించాలి. వాన పడిన రోజున మళ్ళీ చూడనిదే రైలు కదలరాదు. దీనికయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

గ్రామస్థులకూ ఒక మనవి. ఆ కాగితం కనిపించకపోతే బిడ్డను ఎక్కించకండి. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినవారు నవ్వుతూ ఇంటికి రావాలి.