బడి వార్తలు పిల్లలే రాయాలి

రామతీర్థం, చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, హైస్కూలు పూర్వ విద్యార్థులకు విన్నపం



మన పిల్లలు పగలంతా గడిపే చోట ఏం జరుగుతోందో మనకు ఏడాదిలో ఏ మూడు నాలుగు సార్లో తెలుస్తుంది. పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు ఒకసారి, ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసినప్పుడు మరోసారి. దాత ఎవరైనా వచ్చి బెంచీలో కంచాలో ఇస్తే పేపరు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. కింద దాత పేరు, వచ్చిన పెద్దల పేర్లు వరసగా ఉంటాయి. వెనక నిలబడ్డ పిల్లల్లో ఒక్కరి పేరూ ఉండదు. ఏదైనా గొడవ జరిగితే మాత్రం మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

మిగతా రోజుల సంగతి ఎవరికి పట్టింది? ఖోఖో జట్టు మండలం పోటీలకు వెళ్లి ఓడి వస్తుంది. ఎందుకు ఓడిందో ఆడిన పిల్లలకు తెలుసు, వాళ్లనెవరూ అడగరు. సైన్సు మేళా కోసం ఒక పిల్ల నెల రోజులు కూర్చుని నమూనా తయారు చేస్తుంది, మేళా అయ్యాక దాన్ని అటక మీద పడేస్తారు. మంచినీళ్ల కుళాయి చెడిపోతుంది, ఎప్పటికో బాగవుతుంది. పొలం పనుల రోజుల్లో హాజరు పలచబడుతుంది. తల్లిదండ్రులు పనికోసం చెన్నైకో హైదరాబాదుకో వలసపోతే పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండిపోతారు. ఇవన్నీ వార్తలే, మన ఇళ్ల వార్తలే. వీటిని రాసే చెయ్యి లేదు, పెట్టే గోడ లేదు.

అందుకే మా కోరిక ఇది. వచ్చే జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం నుంచి మన హైస్కూల్లో వారానికొక గోడపత్రిక రావాలి. పిల్లలే వార్తలు సేకరించాలి, పిల్లలే రాయాలి, పిల్లలే దిద్దాలి. ఒక ప్రతి బడిలో, ఒకటి గ్రామ సచివాలయం దగ్గర, ఇంకొకటి గుడికెళ్లే దారిలో బస్సు ఆగే చోట ఉండాలి. బడిలో ఒక్కటే పెడితే చాలదా అని కొందరు అడిగారు. చాలదు. రాసింది ఊరు చదువుతుందని తెలిస్తేనే పిల్లవాడు పేరు సరిగ్గా రాస్తాడు, లెక్క రెండుసార్లు చూసుకుంటాడు. మాస్టారు ఒక్కరే చదివే వ్యాసానికి ఆ జాగ్రత్త రాదు.

ఇది ఎవరూ చేయని పనేం కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రేనే అనే పల్లెటూరి బడిపంతులు మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై వచ్చాడు. ఎక్కువసేపు గొంతెత్తి పాఠం చెప్పలేకపోయేవాడు. 1924లో చిన్న అచ్చుయంత్రం కొని తరగతి గదిలో పెట్టాడు. పిల్లలు తమ ఊళ్లో చూసింది రాసి, అక్షరాలు పేర్చి, తామే అచ్చు వేసుకున్నారు. తరవాత ఆ కాగితాలను దూరాన బ్రిటనీ ప్రాంతపు బడిపిల్లలకు పంపి, వాళ్ల కాగితాలు తెప్పించుకున్నారు. మనమూ అంత పని చేయవచ్చు. మన పత్రిక ఒక ప్రతి పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరాన చదువుకునే పిల్లలకు, ఒకటి గుమ్మలక్ష్మీపురం కొండల్లోని పిల్లలకు పంపుదాం. వల ఎలా అల్లుతారో, పోడు ఎలా కొడతారో వాళ్లు రాసి పంపుతారు. మన పిల్లలు నెల్లిమర్ల జూట్ మిల్లు గురించి, గోగునార గురించి, శివరాత్రి జాతర గురించి రాస్తారు.

రాయడానికి మన ఊళ్లో ఉన్నంత సరుకు ఎన్ని ఊళ్లలో ఉంటుంది? గురుభక్తులకొండ మీద బౌద్ధుల చైత్యాలు, విహారాల ఇటుక పునాదులు ఉన్నాయి. దుర్గకొండ గుహలో జైన విగ్రహాలున్నాయి. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు శాసనం కూడా అక్కడ ఉంది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన ముని ఈ రామకొండను సేవించాడని అది చెబుతుంది. అంటే వెయ్యేళ్ల నాటి మాట. కింద రాముని కోవెల. మూడు మతాలవాళ్లు నడిచిన ఈ కొండల నీడలో చదువుకునే పిల్లలు వాటి గురించి పరీక్షలో ఒక్క వాక్యం రాయనక్కర లేకుండా పదో తరగతి దాటిపోవచ్చు. 2020 డిసెంబరులో బోడికొండ మీద కోదండరాముని విగ్రహాన్ని ధ్వంసం చేసినప్పుడు రాష్ట్రమంతా మన ఊరి పేరు మోగింది. కెమెరాలు వచ్చాయి, నాయకులు వచ్చారు, ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు. 2022లో గుడి మళ్లీ కట్టి ప్రతిష్ఠ చేశారు. ఆ రోజుల్లో ఈ ఊరి పిల్లలు ఏం చూశారో, ఏమనుకున్నారో చెప్పుకునే చోటు మాత్రం వాళ్లకు లేదు.

పిల్లల భాష గురించి కొందరు మాస్టర్లకు బెంగ. ఎనిమిదో తరగతి పిల్ల ‘మా అప్ప అత్తోరింటికి ఎల్లిపోనాది’ అని రాస్తే గోడ మీద పెట్టడమా అంటున్నారు. పెట్టాలి. 1870ల చివర విజయనగరం మహారాజా వారి బడిలో ఇద్దరు కుర్రాళ్లు కలిసి చదువుకున్నారు. ఒకరు గురజాడ అప్పారావు, ఒకరు గిడుగు రామమూర్తి. జనం మాట్లాడే తెలుగే బడిలో ఉండాలని ఇద్దరూ జీవితాంతం పోరాడారు. మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచే ఆ పోరాటం లేచింది. ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేసి, ముప్పయ్యో తేదీన పిల్ల యాసను చూసి నవ్వితే ఆ దండ ఎందుకు? మాస్టారు చూడవలసినది వార్త నిజమా కాదా అన్నది. తేదీ, పేరు, సంఖ్య దిద్దండి. మాట తీరు పిల్లలకే వదిలేయండి.

ఇంకొక భయం ఉంది, అది అసలైనది. మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్లగా ఉందని, మరుగుదొడ్డి తలుపు ఊడిందని పిల్లలు రాస్తే పైనుంచి ఎవరైనా వచ్చి హెడ్మాస్టారిని నిలదీస్తారు. వంట చేసే అమ్మలకు కోపం వస్తుంది. రాసిన పిల్లను పేరు పెట్టి పిలిచి అడుగుతారు. ఈ భయం ఉన్నంతకాలం గోడ మీద పుట్టినరోజు శుభాకాంక్షలు, సూక్తులు తప్ప ఏమీ రావు. అలాంటి పత్రిక మాకు వద్దు. కాబట్టి తల్లిదండ్రుల కమిటీ మొదటి సమావేశంలోనే తీర్మానం రాసి సంతకాలు చేయాలి: గోడపత్రికలో వచ్చిన వార్తకు ఏ విద్యార్థినీ, ఏ ఉపాధ్యాయుణ్నీ, ఏ వంటమనిషినీ తప్పుపట్టం, వార్త తప్పయితే వచ్చే వారం అదే చోట సవరణ వేయిస్తాం, నిజమైతే కమిటీయే దాని పని చూస్తుంది. భావాలు చెప్పుకునే హక్కు పిల్లలకు ఉందని ఐక్యరాజ్య సమితి 1989లోనే ఒడంబడిక చేసింది. 1992లో మన దేశం అందులో చేరింది. ఢిల్లీలో ఒప్పుకున్న మాటకు మన ఊళ్లో కాపలా కాయవలసింది మనమే.

పిల్లలకూ కట్టుబాట్లు ఉండాలి. ఎవరి తక్కువ మార్కులూ, ఎవరి కులమూ, ఎవరింటి గొడవా గోడకెక్కకూడదు. వంట గురించి రాసే ముందు వంట చేసే అమ్మను అడిగి ఆమె మాట కూడా రాయాలి. బియ్యం ఎప్పుడొచ్చాయో, గ్యాసు ఎన్నాళ్లు లేదో ఆమెకే తెలుసు. రాసేవాళ్లలో సగం మంది ఆడపిల్లలు ఉండాలి. ప్రతి నెలా జట్టు మారాలి, లేకపోతే మార్కులు బాగా వచ్చే నలుగురే ఏడాదంతా రాస్తారు. వెనక బెంచీ పిల్లవాడికి బస్సు ఎన్ని రోజులు రాలేదో లెక్క బాగా తెలుసు.

ఉపాధ్యాయులకు ఇప్పటికే యాప్‌లతో, ఫొటోలతో ఊపిరి ఆడటం లేదని మాకు తెలుసు. అందుకే దీనికి రిపోర్టు వద్దు, ఫొటో అప్‌లోడు వద్దు, బహుమతుల పోటీ వద్దు. శనివారం రెండు పీరియడ్లు చాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు పిల్లల్ని ఊళ్లోని పనివాళ్ల దగ్గరికి పంపమని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. ఆ రోజుల్లో పిల్లలు వార్తల కోసం తిరుగుతారు. పదో తరగతి చదువు పాడవుతుందన్న మాట నిలవదు. వారం వారం రాసే పిల్లకు తెలుగు పేపరులో వ్యాసం బరువనిపించదు.

వాట్సప్ గ్రూపు ఉంది కదా అంటారా? ఫోను లేని అమ్మమ్మకు ఆ గ్రూపు లేదు. ఫోను మారితే ఫొటోలూ పోతాయి. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు, పాత పత్రికల్లో చెదిరిపోయిన తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని. మన గోడపత్రికనూ ఏడాది చివర కుట్టించి బడి లైబ్రరీలో పెట్టాలి. ఇరవై ఏళ్ల తరవాత ఎవరైనా ఈ బడి గురించి తెలుసుకోవాలంటే హాజరు పట్టీలు కాకుండా ఇంకేదైనా ఉండాలి.

ఖర్చు డ్రాయింగు షీట్లు, స్కెచ్ పెన్నులు, జిగురు. వాటిని మూడేళ్లపాటు పూర్వ విద్యార్థులం ఇస్తాం. మిగిలింది బస్సు ఆగే చోట వాన తడవని రేకు కప్పుతో ఒక చెక్క పలక. దాన్ని చేసిపెట్టగల వడ్రంగి మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే వేసవి సెలవులు అయ్యేలోగా హెడ్మాస్టారికి కబురు చేయండి. చెక్క మేం తెస్తాం.

ఇట్లు,
హైస్కూలు పూర్వ విద్యార్థులు కొందరు, రామతీర్థం